సిరిసిల్ల సొంత కరెంటు

వేములవాడ రాజన్నను చూసుకొని కొండగట్టు అంజన్న దగ్గరికి బయలుదేరే భక్తులు దారిలో ఒక సరిహద్దు దాటుతారు. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ మారేది తలమీది కరెంటు తీగల యజమాని. కొండగట్టు, జగిత్యాల, కోరుట్లలకు కరెంటు ఇచ్చేది ప్రభుత్వ పంపిణీ సంస్థ. వేములవాడ, సిరిసిల్ల వైపు తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ మాత్రం వాడుకునేవాళ్ల సంఘానివే. ఆ సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని జనం ‘సెస్’ అంటారు. 1970 నుంచి నడుస్తోంది.

1960ల నడుమ వచ్చిన కరువులు దేశాన్ని బావుల వైపు, బావులను కరెంటు మోటార్ల వైపు నెట్టాయి. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన గ్రామీణ రుణాలను సమీక్షించిన సంఘం సిఫార్సుతో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. ప్రయోగానికి ఐదు చోట్లు ఎంచుకున్నారు: గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా-ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. నమూనా అమెరికాది. 1930లలో అక్కడి ప్రైవేటు కంపెనీలు పల్లెలకు లైన్లు వేయడం గిట్టుబాటు కాదంటే, రైతులే సంఘాలు కట్టి ప్రభుత్వ అప్పుతో స్తంభాలు పాతుకున్నారు.

సెస్ కరెంటును తయారు చేయదు. టోకున కొని సభ్యులకు పంచుతుంది. కాబట్టి దారిలో వృథా అయిన ప్రతి యూనిట్టూ సంఘం పద్దులోనే నష్టంగా తేలుతుంది. పొదుపు ఎవరికి లాభమన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ప్రభుత్వ సంస్థ వినియోగదారుడికి దొరకదు.

ఆ జవాబును ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. ఇళ్లూ బావులూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే, మోటార్లన్నీ ఒక్కసారి అందుకోగానే ఇంట్లో బల్బు బుడ్డిదీపమైపోతుంది. వోల్టేజీ పడితే మోటారు కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి వైండింగ్ కాలుతుంది. కరెంటు రాగానే దానంతటదే తిరిగే ఆటో స్టార్టర్లు ఈ తంటాను పెంచాయి. మోటారుకు కెపాసిటర్ బిగిస్తే లైను మీద భారం తగ్గుతుంది. అయితే ఒక్క రైతు బిగిస్తే ఒరిగేది కొంచెమే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది వాళ్లంతా బిగిస్తేనే వోల్టేజీ నిలబడుతుంది, ఇళ్లలో దీపమూ నిలుస్తుంది. ఇది ఒక్కడి పొదుపు కాదు, ఊరి ఒప్పందం.

ఆ ఒప్పందానికి గండి కొట్టింది మీటరు లేని కరెంటు. 1980లలో హార్స్‌పవర్ లెక్కన స్థిర ఛార్జీలు వచ్చాయి, 2004లో సాగుకు కరెంటు ఉచితమైంది. రైతుకు అది ఊపిరి, కాదనలేం. కానీ ఎంత లాగినా బిల్లు మారనప్పుడు కెపాసిటర్ కొనే తొందర ఎవరికుంటుంది? ఉచిత కరెంటు కావాలంటే కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, నీటి రాకకు రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, నున్నటి ప్లాస్టిక్ పైపులు ఉండాలని తర్వాత ప్రభుత్వమే షరతు పెట్టాల్సి వచ్చింది.

సిరిసిల్లలో బావుల కథకు సాంచాల కథ తోడైంది. మరమగ్గాలను అక్కడ అలాగే పిలుస్తారు. పని కోసం మహారాష్ట్రలోని భీవండి బాట పట్టిన నేతన్నలకు ఆ యంత్రాలు కొత్త కాదు. సాంచాల కార్ఖానాకు సెస్ తీగే ప్రాణం. వాటికి సగం ధరకే కరెంటు ఇవ్వాలన్నది ప్రభుత్వ నిర్ణయం. ఆ మిగతా సగం సర్కారు నుంచి సకాలంలో రాకపోతే లోటు మోసేది మాత్రం సంఘమే.

మొదట ప్రయోగానికి ఎంచుకున్న ఐదింటిలో ములా-ప్రవర చేతినుంచి 2011లో సరఫరా జారిపోయింది. హుక్కేరి, సిరిసిల్ల నిలిచాయి. 2022 డిసెంబరులో సెస్ పాలకవర్గానికి జరిగిన ఎన్నికలో 15 డైరెక్టరు పదవుల కోసం పార్టీలు అసెంబ్లీ సీట్లకు తలపడ్డట్టే తలపడ్డాయి. అప్పటి అధికార పక్షం మద్దతుదారులే అన్నీ గెలిచారు. ఆ ప్రచార హోరులో కెపాసిటర్ల ముచ్చట ఎవరూ ఎత్తి ఉండరు.