నాగోల్ నుంచి రాయదుర్గం: ఇల్లు ఒకచోట, ఉద్యోగం ఒకచోట

నాగోల్–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2019 నవంబరుకు రాయదుర్గం చేరి, అక్కడే ఆగింది. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులకు మళ్లీ బస్సో, షేర్ ఆటోనో పట్టుకోవాలి. 2025 మేలో ఛార్జీలు పెరిగాక గరిష్ఠ టికెట్ 69 రూపాయలైంది. మహిళలకు 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సుల్లో ఉన్న ఉచిత ప్రయాణం మెట్రోలో లేదు.

ఉప్పల్, నాచారంలో ఉండే ఐటీ ఉద్యోగులను ‘ఆఫీసు దగ్గరే ఇల్లు తీసుకోవచ్చు కదా’ అంటారు. అక్కడ అద్దెలు ఎక్కువ. దళితులకైతే అద్దె మాట కంటే ముందే ‘ఇంటిపేరేంటి? మాంసం తింటారా?’ అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. జవాబు నచ్చకపోతే ఇల్లు ‘అప్పుడే ఇచ్చేశాం’ అంటారు. అద్దె ఇచ్చే స్తోమత ఉన్నా ఇల్లు దొరకనివాళ్లు రోజూ ఊరు దాటాల్సిందే. అందుకే రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు కులాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని మేము కోరుతున్నాం.