ఉత్తర కెనడా ఏరియా కోడ్ 867: సంఖ్య, సరిహద్దు, పాలన

కెనడాలోని యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్ భూభాగాలకు నేడు 867 ఒక్కటే టెలిఫోన్ ఏరియా కోడ్. విస్తీర్ణం సుమారు 39 లక్షల చదరపు కిలోమీటర్లు. 2021 జనగణన ప్రకారం జనాభా 1,18,160 మాత్రమే.

1997 వరకు ఈ ప్రాంతానికి సొంత కోడ్ లేదు. పశ్చిమ భాగం ఆల్బర్టా కోడ్ 403ను, తూర్పు భాగం క్విబెక్ కోడ్ 819ను వాడుకొనేవి. ఈ విభజనకు మూలం పాలనావ్యవస్థ కాదు, టెలిఫోన్ సంస్థల సేవాపరిధులు. పశ్చిమాన నార్త్‌వెస్టెల్, తూర్పున బెల్ కెనడా సేవలందించేవి. అందువల్ల ఒకే ప్రభుత్వం కింద ఉన్న యెల్లోనైఫ్, ఇకాలుయిట్ పట్టణాలకు వేర్వేరు కోడ్‌లుండేవి. 1992లో బెల్ కెనడా ఉత్తరప్రాంత సేవలు నార్త్‌వెస్టెల్‌కు బదిలీ అయ్యాయి. దీంతో ఆ విభజనకు ఆధారం పోయింది. 1997 అక్టోబరు 21న 867 అమలులోకి వచ్చింది.

అయితే 1999 ఏప్రిల్ 1న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ నుండి నునావుట్ వేరుపడింది. కోడ్ మాత్రం మారలేదు. లక్షల కొద్దీ నంబర్లకు వీలున్న కోడ్‌ను ఇంత స్వల్ప జనాభా కోసం విభజించవలసిన అవసరం సాంకేతికంగా లేదు. మునుపు ఒక ప్రభుత్వానికి రెండు కోడ్‌లు; తరువాత మూడు ప్రభుత్వాలకు ఒకే కోడ్. కనుక ఏరియా కోడ్ పటాన్ని పాలనాపటానికి ప్రతిబింబంగా చదవడం చరిత్రకారుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. అది ప్రధానంగా సేవాసంస్థల, జనసాంద్రతల చరిత్రకు సాక్ష్యం.