కృష్ణా డెల్టాలో కలం స్నేహాలు

ముక్కూమొహం తెలియని మనిషితో ఉత్తరాల్లో స్నేహం చేయాలంటే ముందు ఉత్తరం చవగ్గా దొరకాలి. 1879లో కాలణా కార్డు వచ్చాక మన డెల్టా పల్లెలకు ఆ వీలు కలిగింది. ఐతే కార్డు చాలాకాలం ఎక్కువగా పెళ్ళి కబురుకూ చావు కబురుకూ పనికొచ్చింది.

పరిచయం లేనివారికి రాసిన ఉత్తరాల్లో చెప్పుకోదగ్గవి గోరావి. దేవుడంటే మీ ఉద్దేశమేమిటని గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1930లోనే గాంధీని అడిగారు. ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మరుసటి ఏడు, 1941 సెప్టెంబరులో, కలుస్తానంటూ మళ్ళీ రాశారు. నాస్తికత్వాన్ని ప్రచారం చేసి నెగ్గినవారు లేరని, ఉత్తి మాటలకు తీరిక లేదని జవాబొచ్చింది. ఇంకొకరైతే అక్కడితో అలిగేవారే! గోరా తన పని తాను చేసుకుపోయారు. 1944 నవంబరు చివర గాంధీ సేవాగ్రామ ఆశ్రమంలో ఇద్దరూ కలిశారు. గాంధీ పోయిన కొన్ని వారాలకు, 1948 మార్చి 13న, గోరా కుమార్తెకు దళిత యువకుడితో పెళ్ళి జరిగిందీ ఆ ఆశ్రమంలోనే. అభిప్రాయం కలవకపోయినా ఉత్తరం మనుషుల్ని కలిపింది.

తర్వాతి తరానికి బెజవాడ పుస్తకాల షాపే దారి చూపింది. విశాలాంధ్రలో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాల చివర, అభిప్రాయం రాయమంటూ మాస్కో చిరునామా ఉండేది. విదేశీ కలం స్నేహితులే కావాలంటే వేరే దారీ ఉండేది: ఫిన్లాండులోని తుర్కులో 1952లో మొదలైన ఇంటర్నేషనల్ యూత్ సర్వీస్ దేశదేశాల కుర్రకారును ఉత్తరాలతో జతచేసి, 2008లో మూతబడింది.

ఈ అలవాటుకు యుద్ధాలు ఊపునిచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి స్త్రీలు తామెరుగని సైనికులకు ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాశారు. 1942లో అమెరికా తన సైనికుల ఉత్తరాలను ఫిల్ముకెక్కించి సముద్రాలు దాటించింది. మన జవాను చిరునామాలో ఊరి పేరుండదు. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), లేదా 99 ఏపీఓ అని ఉంటుంది. గోదావరి వైపు, తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళకు ఆ ముద్రలు కొత్త కాదు.

గాంధీతో గోరా అనుబంధం 1951లో పుస్తకంగా వచ్చింది. కానీ జవాన్ల ఉత్తరాలను పట్టించుకున్న చరిత్రకారులు తక్కువ. ఇది మన లోపమే.

డెన్మార్కు తపాలా సంస్థ 2025తో ఉత్తరాల బట్వాడా మానేసింది. మన దగ్గర కార్డు ధర ఇంకా 50 పైసలే. మీ ఇంటి ట్రంకుపెట్టెలో ఏపీఓ ముద్ర ఉన్న ఉత్తరాలుంటే పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.