బడి మీద చట్టం, బడిలో మనం

కర్నూలు, కడప జిల్లాల్లో ఎరుకల, సుగాలి, యానాది, చెంచు పిల్లలకు బడితో ఉన్న సంబంధాన్ని దేశానికంతటికీ చేసిన చట్టాలే పలుమార్లు మార్చాయి. ఈ చరిత్ర మన యువతకు తెలియాలి.

మొదటి చట్టం మనల్ని బడికి పిలవలేదు, బలవంతంగా తోసింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ, అంటే మన జిల్లాలకూ వచ్చింది. ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి సెటిల్మెంట్లలో పెట్టారు. ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం అలాంటిదే. 1924 చట్టం ప్రకారం ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో చేర్చవచ్చు. అక్కడ కన్నవాళ్ల మాటకు చోటు లేదు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది.

రెండో మలుపు రాజ్యాంగం. 1951లో, మన జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, చంపకం దొరైరాజన్ కేసులో కాలేజీ సీట్ల కేటాయింపు జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్లమెంటు అదే ఏడాది మొదటి సవరణతో 15(4) అధికరణాన్ని చేర్చింది. ఈనాటి మన రిజర్వేషన్ సీట్లకు ఆధారం అదే. 1976లో 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. దాంతో బడుల మీద చట్టం చేసే అధికారం కేంద్రానికీ దక్కింది.

ఆ దారిలోనే 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమలైంది. ఒకప్పుడు తల్లిదండ్రులను గేటు బయట నిలబెట్టిన చట్టం ఇప్పుడు వాళ్లనే కుర్చీలో కూర్చోమంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఈ కమిటీ రాసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే నిధులకు ఆధారం. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయిన కుటుంబపు బిడ్డను టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు పత్రం లేదని తిప్పి పంపకూడదు. చదువు ఆగిపోయిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. హాస్టళ్లలో పనిచేసే మాకు రోజూ పనికొచ్చే సెక్షన్లు ఇవే.

అయినా రెండు లోట్లు మిగిలాయి. ఒకటి నిధుల లెక్క. మన జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. 2011 జనగణన ప్రకారం గిరిజనులు వందకు ఇద్దరు ముగ్గురే. 2018లో కేంద్రం ఏకలవ్య పాఠశాలలకు పెట్టిన కొలత సగానికి పైగా గిరిజన జనాభా, కనీసం 20,000 మంది. చెదురుమదురు తండాలున్న సీమ ఆ కొలతకు అందదు. రెండోది భాష. బోధన వీలైనంత వరకు మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యలో ఎనిమిది గిరిజన భాషలుండగా, వాటిలో బంజారా ఒకటి. అయినా ఇంట్లో గోర్ బోలి మాట్లాడే మన బిడ్డ ఒకటో తరగతిలో ఇంకా తెలియని మాటల మధ్యే కూర్చుంటోంది. "వీలైనంత వరకు" అన్న మాట చాటున ఆ హక్కు ఆగిపోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చదువుకున్న మీరు అమ్మానాన్నలకు ఈ సెక్షన్లు చదివి వినిపించండి. కమిటీ ఎన్నిక రోజు కూలి పోతుందని వాళ్లు ఆగిపోతే, నచ్చజెప్పి బడికి తీసుకెళ్లండి. అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడు తండా భాష తెలిసిన బోధకులు కావాలని అందులో రాయించండి. కాగితం మీదికి ఎక్కని అవసరానికి నిధులు రావు.