తీర్పు జనానిది, పెత్తనం ఎవరిది?

2016 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఇంటింటికీ ఓ కరపత్రం వచ్చింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం 90 లక్షల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి పంచింది. యూరోపియన్ యూనియన్‌లో కొనసాగితేనే దేశానికి మేలని అందులో ఏకరువు పెట్టారు. ఆ ఏకరువు ఇప్పుడెవరికీ గుర్తులేదు. మిగిలింది ఒక్క హామీ: నిర్ణయం మీదే, మీరేది తేలిస్తే ప్రభుత్వం అదే అమలుచేస్తుంది. తర్వాత మూడున్నరేళ్లు ఆ దేశం కొట్టుకున్నది ఈ హామీ మీదే.

ఎందుకంటే ఆ మాట కరపత్రంలో ఉంది గానీ చట్టంలో లేదు. రెఫరెండం జరపడానికి 2015లో చేసిన చట్టం ప్రశ్నేమిటో, ఓటెవరికి ఉందో చెప్పి ఊరుకుంది. ఫలితం వచ్చాక ఎవరేం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. ఇది సలహా కోసమే తప్ప కట్టుబడి తీరాల్సింది కాదని పార్లమెంటు లైబ్రరీ సభ్యులకిచ్చిన నోట్‌లోనూ ఉంది. కట్టుబడేలా రాయడం తెలియక కాదు. 2011లో ఎన్నికల పద్ధతి మార్చాలా అని జనాన్ని అడిగినప్పుడు, వాళ్లు ఔనంటే మంత్రి కొత్త పద్ధతిని అమల్లోకి తేవాల్సిందేనని చట్టంలోనే పెట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, అంతకంటే ఎంతో పెద్ద ప్రశ్నకు ఆ జాగ్రత్త లేకపోయింది. జనం ఎలాగూ ‘ఉందాం’ అంటారన్న ధీమాయే కారణమని నా అనుమానం.

2016 జూన్ 23న జనం అలా అనలేదు. ‘బయటికి’ అన్నవాళ్లు 1,74,10,742 మంది. ‘ఉందాం’ అన్నవాళ్లు 1,61,41,241. శాతాల్లో 52, 48. స్కాట్లాండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లాండ్‌లో దాదాపు 56 శాతం ఉందామన్నారు. ‘బయటికి’ అంటూ ఊరూరా తిరిగిన నైజెల్ ఫరాజ్, ఒకవేళ 52–48తో అవతలి పక్షం గెలిస్తే కథ ముగిసినట్టు కాదని పోలింగ్‌కు నెల ముందే చెప్పిపెట్టుకున్నారు. సరిగ్గా అవే అంకెలు వచ్చాయి, తిరగబడి.

బ్రిటన్‌కు రెఫరెండం పాత అలవాటేమీ కాదు. దేశమంతటా ఒకటి జరగడం 1975లోనే మొదలు, అదీ యూరప్ కూటమిలో ఉండాలా వద్దా అనే. అప్పుడే ప్రతిపక్ష నేతగా వచ్చిన మార్గరెట్ థాచర్ దాన్ని వ్యతిరేకించారు. ఇది నియంతలకూ జనాన్ని రెచ్చగొట్టేవాళ్లకూ పనికొచ్చే సాధనమన్న పాత లేబర్ ప్రధాని అట్లీ మాటను సభలో గుర్తుచేశారు. రెఫరెండం కావాలని పట్టుబట్టింది లేబర్ వామపక్ష నేత టోనీ బెన్. తీరా చూస్తే 67 శాతం మంది ఉందామన్నారు. కామన్స్ సభలో మెజారిటీ కోరుకున్నదీ అదే కాబట్టి పేచీ రాలేదు. 2016లో మాత్రం ఆ సభలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఒకవైపు, జనం మరోవైపు. ఇలాంటి ఇరకాటం వస్తే ఏం చేయాలో ఎక్కడా రాసిలేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం అసెంబ్లీ చెప్పేది అభిప్రాయమే కాబట్టి, పార్లమెంటు ఫిబ్రవరిలో ఆ బిల్లును పాస్ చేసింది. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఆఖరి మాట ఎవరిదో ముందే రాసిపెట్టి ఉంది. బ్రిటన్ రాజ్యాంగం ఒక్క పుస్తకంగా లేదు. పాత చట్టాలు, కోర్టు తీర్పులు, ఆనవాయితీలు కలిస్తేనే అది.

రెఫరెండం మర్నాడే కామెరాన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. తర్వాత వచ్చిన థెరెసా మే, యూనియన్‌కు వైదొలిగే నోటీసు ఇవ్వడానికి పార్లమెంటుతో పనిలేదన్నారు. రాణి పేరిట మంత్రులు చలాయించే విశేషాధికారం చాలన్నది ఆమె వాదన. గయానాలో పుట్టిన భారత సంతతి మహిళ జీనా మిల్లర్ కోర్టుకెక్కారు. సభ్యత్వంతో పౌరులకొచ్చిన హక్కులు 1972లో పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చినవి. వాటిని ఒక మంత్రి ఒక్క ఉత్తరంతో తీసేయగలరా? రాజు ఫర్మానాతో దేశచట్టం మార్చలేడని ఎడ్వర్డ్ కోక్ 1610లోనే తేల్చారు. లండన్ హైకోర్టు ముగ్గురు జడ్జీలు ఆ బాటే పట్టి మిల్లర్ పక్షాన తీర్పిచ్చారు.

మర్నాడు, నవంబర్ 4న, డెయిలీ మెయిల్ మొదటి పేజీ నిండా ఆ ముగ్గురి ఫొటోలు వేసి ‘ప్రజల శత్రువులు’ అని పతాక శీర్షిక పెట్టింది. ఆ కథనం రాసిన విలేఖరి కొద్ది నెలలకే ప్రధానికి అధికార ప్రతినిధి అయ్యారు. మిల్లర్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆమెను కారుతో గుద్దినవాళ్లకు డబ్బిస్తానని ఇంటర్నెట్‌లో రాసిన ఓ ప్రభువుగారికి 12 వారాల జైలు పడింది. పార్లమెంటు సర్వాధికారాన్ని బ్రస్సెల్స్ నుంచి వెనక్కి తెచ్చుకుందామని ఓటడిగినవాళ్లలోనే ఎందరో, ఆ అధికారం పార్లమెంటుదేనని జడ్జీలు అంటే భగ్గుమన్నారు. అయితే వాళ్ల అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. సభ హక్కుల గురించి గట్టిగా మాట్లాడినవాళ్లలో చాలామందికి ఫలితమే మింగుడు పడలేదు. 2017 జనవరి 24న సుప్రీంకోర్టు కూడా 8–3తో హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది.

ఆ తర్వాత జరిగింది చాలామంది మర్చిపోతారు. ఎనిమిది రోజులకే నోటీసు బిల్లు కామన్స్ సభలో తొలి పెద్ద ఓటింగ్‌కు వస్తే 498 మంది ఔనన్నారు, 114 మంది కాదన్నారు. అంటే జనం ‘బయటికి’ అంటే సభా సరేనంది. రెఫరెండాన్ని పార్లమెంటు తొక్కిపెట్టిందన్న ఆరోపణ ఈ అంకె ముందు నిలవదు.

అసలు తంటా ఆ తర్వాతే. బ్యాలెట్ మీద ఉన్నవి రెండు గళ్లు. బయటికి వెళ్లాక ఉమ్మడి సుంకాల ఏర్పాటులో ఉండాలా, ఒప్పందమే లేకుండా తెంచుకోవాలా, రెండు ఐర్లాండ్‌ల మధ్య సరిహద్దు ఏం కావాలి? జనాన్ని ఎవరూ అడగలేదు. వాళ్లు చెప్పని జవాబును ప్రతి పక్షమూ వాళ్ల నోట పెట్టింది. మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న సభ 432–202తో ఓడించింది. ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వానికీ అంత ఓటమి లేదు. మార్చిలో మరో రెండుసార్లు ఓడించింది. పోనీ మీకేం కావాలో మీరే చెప్పండంటే, మార్చి 27న ఎనిమిది దారులు పెట్టుకుని ఎనిమిదీ కాదంది. ఏప్రిల్ 1న సుంకాల ఏర్పాటు మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. పార్లమెంటును తప్పుపట్టాలంటే ఇక్కడ పట్టాలి. జనం మాట కాదన్నందుకు కాదు, తనకంటూ ఒక మాట లేనందుకు. ఈ మధ్యలో మే టీవీలోకి వచ్చి, నేను మీ పక్షం, ఆలస్యానికి ఎంపీలే కారణమన్న ధోరణిలో మాట్లాడారు. తాను ఓట్లు అడుక్కోవాల్సిన సభ మీదికే జనాన్ని ఉసిగొల్పడం చేజేతులా చేసుకున్న నష్టం.

జులైలో బోరిస్ జాన్సన్ వచ్చారు. సభను ఐదు వారాలు ప్రొరోగ్ చేయించారు, అంటే సమావేశాలు మూసేయించారు. సెప్టెంబర్ 10 తెల్లవారుజామున, రెండు గంటల ప్రాంతంలో, ఆనవాయితీ ప్రకారం ప్రభువుల సభ నుంచి బ్లాక్ రాడ్ అనే అధికారిణి పిలుపు తెచ్చారు. ప్రతిపక్ష సభ్యులు ‘నోరు నొక్కేశారు’ అని రాసిన కాగితాలు పట్టుకుని లేచారు. ఒకాయన స్పీకర్ జాన్ బెర్కోను కుర్చీలోంచి లేవనీయకుండా పట్టుకోబోయారు. ఇది మామూలు ప్రొరోగేషన్ కాదని స్పీకరే అన్నారు. పాలకపక్షం లేచి వెళ్తుంటే వెనక నుంచి ‘సిగ్గు సిగ్గు’ అని కేకలు. తర్వాత స్కాట్లాండ్, వేల్స్ సభ్యులు తమ తమ పాటలు అందుకున్నారు. రెండు వారాలకు సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలూ ఏకమై ఆ ప్రొరోగేషన్ చెల్లదన్నారు. ఆ రాత్రి తెచ్చిన ఉత్తర్వు ఖాళీ కాగితంతో సమానమని ఆ కోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ చదువుతుంటే, ఆమె బట్టలకు పెట్టుకున్న సాలీడు బ్రోచ్ గురించి దేశమంతా మాట్లాడుకుంది.

సభ మూతపడకముందే, యూనియన్‌ను వీడే గడువు పెంచమని జాన్సన్ అడిగితీరాలని ఒక చట్టం పాసైంది. దానికి ముందు నిలిచింది టోనీ బెన్ కొడుకు హిలరీ బెన్. తండ్రి పట్టుబట్టి తెప్పించిన రెఫరెండం పద్ధతి సభకు తెచ్చిన చిక్కులో కొడుకు సభ తరఫున నిలబడ్డాడు! దానికి దారిచ్చినందుకు 21 మంది కన్జర్వేటివ్‌లను పార్టీ పక్షం నుంచి గెంటేశారు. వాళ్లలో చర్చిల్ మనవడూ ఉన్నారు. జాన్సన్ ఆ చట్టానికి ‘లొంగుబాటు చట్టం’ అని పేరుపెట్టి, చివరికి గడువు కోరుతూ సంతకం లేని లేఖ పంపారు.

డిసెంబర్ 12 ఎన్నికల్లో జాన్సన్‌కు 80 సీట్ల మెజారిటీ వచ్చింది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. అందుకోసం చేసిన చట్టంలో 38వ సెక్షన్ పార్లమెంటే సర్వాధికారి అని ప్రత్యేకంగా చెబుతుంది. ఎన్నికలకు ముందున్న ముసాయిదాలో, యూనియన్‌తో ముందుముందు జరిపే చర్చలకు సభ ఆమోదం కావాలన్న నిబంధన ఉండేది. గెలిచాక దాన్ని తీసేశారు. వెయ్యి పేజీలు దాటిన వాణిజ్య ఒప్పందం ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు కుదిరింది. డిసెంబర్ 30న దాని బిల్లు కామన్స్ ముందుకొచ్చి, ఆ రోజే 521–73తో పాసైపోయింది.