వార్హోల్ 'మార్లిన్': ఒకే బొమ్మ.. ఒక ప్రింటు వేలల్లో, ఇంకోటి లక్షల డాలర్లలో.. తేడా అంతా వెనక వైపే!

గులాబీ ముఖం, పసుపు జుట్టు, కనురెప్పల మీద నీలం రంగు. అమెరికన్ పాప్ ఆర్టిస్ట్ ఆండీ వార్హోల్ చేసిన మార్లిన్ మన్రో బొమ్మను టీషర్టు మీదో, కాఫీ కప్పు మీదో చూడనివాళ్లు తక్కువే. ఆ ప్రింటు కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే మాత్రం తల తిరుగుతుంది. ఒకచోట కొన్ని వేల డాలర్లు, ఇంకోచోట లక్ష డాలర్ల పైమాటే. బొమ్మ అదే, సైజూ అదే. మరి ఎందుకింత తేడా?

అసలు కథ 1962లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో మార్లిన్ చనిపోయింది. 'నయాగరా' సినిమా ప్రచారానికి తీసిన ఆమె ఫొటో ఒకటి తీసుకుని, వార్హోల్ దాన్ని సిల్క్ స్క్రీన్ మీదకు ఎక్కించారు. మన దగ్గర శుభలేఖలు కొట్టే స్క్రీన్ ప్రింటింగ్ లాంటి పద్ధతే. అదే ముఖాన్ని మళ్లీ మళ్లీ ముద్రించారు. సూప్ డబ్బాలు షాపులో వరసగా పేర్చినట్టే, స్టార్ కూడా అమ్మకపు సరుకేనన్నది అందులో ఒక అర్థం. ఇంకో కోణమూ ఉంది. వార్హోల్ బైజంటైన్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చర్చిలో చూసిన సాధువుల పటాల ఛాయలు, బంగారు రంగు మధ్యలో మార్లిన్‌ను పెట్టిన బొమ్మలో చాలామందికి కనిపిస్తాయి. రంగు గీత దాటి పక్కకు జరిగినచోట ముఖం ముసుగులా అనిపిస్తుంది. అది పొరపాటు కాదు, కావాలని వదిలేసిందే.

ఇక మార్కెట్ సంగతి. 1967లో వార్హోల్ న్యూయార్క్‌లో 'ఫ్యాక్టరీ అడిషన్స్' పేరుతో పది రంగుల్లో పది మార్లిన్ ప్రింట్ల సెట్టు తెచ్చారు. ఒక్కోటి 36 అంగుళాల చదరం. వేసింది 250 సెట్లు. వీటికి తోడు ఏ నుంచి జెడ్ వరకు అక్షరాలు వేసిన 26 ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు. షీటు వెనక పెన్సిల్ సంతకం, స్టాంపుతో నంబరు. లక్షలు పలికేవి ఇవే. పది షీట్లూ ఒకే నంబరుతో కలిసి ఉంటే లెక్క మిలియన్లలోకి వెళ్తుంది.

1970లో బెల్జియం నుంచి 'సండే బి. మార్నింగ్' పేరుతో అవే బొమ్మలు మళ్లీ వచ్చాయి. మొదట్లో ఈ పనిలో వార్హోల్ చెయ్యి కూడా ఉంది, తర్వాత పొత్తు చెడింది. ముద్రణ మాత్రం ఆగలేదు. వాటి వెనక 'మీ సంతకం మీరే పెట్టుకోండి' అనే అర్థంతో స్టాంపు ఉంటుంది. పాతవాటికి నల్ల ఇంకు, తర్వాతవాటికి నీలం. నల్లదానికే గిరాకీ ఎక్కువ. తన ముందుకొచ్చిన కొన్ని కాపీల మీద వార్హోల్ 'ఇది నేను చేసింది కాదు' అని రాసి, కింద సంతకం పెట్టారట! తమాషా ఏంటంటే, ఆ రాత ఉంటే రేటు ఇంకా పెరుగుతుంది.

బొమ్మలను యంత్రంలా తయారు చేయాలన్న మనిషి ప్రింటుకు చివరికి చేతి సంతకమే ధర కట్టడం విచిత్రమే. 2022 మేలో క్రిస్టీస్ వేలంలో 'షాట్ సేజ్ బ్లూ మార్లిన్' 19.5 కోట్ల డాలర్లకు, అంటే అప్పటి రేటులో దాదాపు 1,500 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. అయితే అది 1964 నాటి కాన్వాస్ పెయింటింగ్, పేపర్ ప్రింటు కాదు. ఆ హెడ్‌లైన్ చూపించి ప్రింటు అమ్మేవాళ్లతో జాగ్రత్త.

ఇంకో చిక్కు.. ఏది అసలో తేల్చే వార్హోల్ అథెంటికేషన్ బోర్డు కోర్టు ఖర్చులు భరించలేక 2012లో మూతపడింది. అప్పటినుంచి కొనేవాళ్లు చూసేది అచ్చయిన ప్రింట్ల జాబితా పుస్తకం, పాత బిల్లులు, ఇంతకుముందు ఎవరి చేతిలో ఉందన్న రికార్డు. షీటు ఎండకు వెలిసినా, అంచులు కత్తిరించినా ధర పడిపోతుంది. ఫ్రేమ్ కట్టి ఉన్నది అమ్మజూపితే ముందు అడగాల్సింది ఒకటే.. ఫ్రేమ్ విప్పి వెనక వైపు చూపించమని.