బహుళ వైకల్యం

ఒకే వ్యక్తిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ వైకల్యాలు కలిసి ఉండే స్థితి బహుళ వైకల్యం. నెలలు నిండని కాన్పు, పుట్టుక సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, గర్భిణికి రుబెల్లా సోకడం, జన్యులోపాలు దీనికి ముఖ్య కారణాలు. జాతీయ ట్రస్టు చట్టం (1999) 80 శాతం, ఆపై స్థాయిని తీవ్ర వైకల్యంగా నిర్వచించింది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) గుర్తించిన 21 వైకల్యాల్లో బహుళ వైకల్యం ఒకటి. వినికిడి, చూపు రెండూ లోపించే బధిరాంధత్వం కూడా ఇందులో భాగం.

వైకల్యాలు కలిసినప్పుడు ఒక ఇంద్రియం లోటును మరొక ఇంద్రియం పూడ్చే దారి మూసుకుపోతుంది. వినపడనివారు కంటితో సైగలను, చూపులేనివారు చెవితో మాటను గ్రహిస్తారు. బధిరాంధులకు మిగిలే ప్రధాన మార్గం స్పర్శ. మస్తిష్క పక్షవాతంతో వేళ్లు అదుపులో లేని అంధ బాలుడికి, వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపి కూడా అక్కరకు రాకపోవచ్చు. అందువల్ల సహాయక పరికరం ఎంపిక రోగనిర్ధారణతో కాక, శరీరంలో అదుపులో ఉన్న కదలికతో మొదలవుతుంది. తల, బుగ్గ, మోకాలు వంటి ఏ భాగం నిలకడగా కదిలితే అక్కడ స్విచ్ అమర్చి, దానితో మాట పలికించే యంత్రాన్నో కంప్యూటర్‌నో నడిపిస్తారు. వెన్ను, మెడ నిలిపే ప్రత్యేక కుర్చీ లేకపోతే ఆ కదలికా నిలకడగా రాదు. బొమ్మల పలక, చూపుతో నడిచే తెర ఇతర సాధనాలు.

భారతదేశంలో 1981 నుంచి కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద దివ్యాంగులకు సహాయక పరికరాలు అందుతున్నాయి. 1972లో ఏర్పడిన, కాన్పూరులోని అలిమ్కో సంస్థ వీటి ప్రధాన ఉత్పత్తిదారు. బహుళ వైకల్యాల జాతీయ సంస్థ 2005లో చెన్నై సమీపంలోని ముట్టుకాడులో ఏర్పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక సాధనం అవసరం. కొన్ని పేద దేశాల్లో అవసరమైనవారిలో 3 శాతం మందికే అది అందుతోంది.